గుండె దడకు వేగస్ నరం వ్యాయామాలు నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తాయి. వేగస్ అంటే మెదడు నుంచి గుండెకు దిగే నరం, ఊపిరిని మెల్లగా వదిలి దాని చేత గుండెను నెమ్మదింపజేయడమే ఈ వ్యాయామాల పని. నా విషయంలో పనిచేశాయి. "దడ వచ్చినప్పుడు ఒకసారి చేసి చూశాను, ఫలితం లేదు, పైగా తల తిరిగింది" అని మీరు నాకు రాశారు. మొదట్లో నాకూ అచ్చం అలాగే జరిగింది.

నాన్నగారికి గుండె ఆపరేషన్ అయ్యాక ఆరేడు నెలలపాటు ఫోను మోగితే చాలు, నా గుండె గొంతులోకి వచ్చేది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. దిండుకు ఆనిన చెవిలో నా గుండె చప్పుడే వినిపిస్తుంటే ఇక నిద్ర ఎక్కడిది? ఈసీజీ, థైరాయిడ్, రక్త పరీక్షలు చేయించుకున్నాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీరు ఇంకా చేయించుకోకపోతే ముందు ఆ పని చూడండి. రక్తహీనత వల్ల, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల కూడా ఇలాగే దడ వస్తుంది. వాటికి ఊపిరి వ్యాయామం మందు కాదు.

నాకు నమ్మకం కుదిరింది నా మణికట్టు దగ్గరే. బొటనవేలి మొదలుకు దిగువన రెండు వేళ్లు ఆనించి, నాడి అందాక, మెల్లగా ఊపిరి పీల్చి ఇంకా మెల్లగా వదలమన్నారు డాక్టరుగారు. మొదటి రోజు ఏ తేడా తెలియలేదు. నాలుగో రోజు తెలిసింది. పీలుస్తున్నప్పుడు వేళ్ల కింద దెబ్బలు దగ్గరదగ్గరగా పడ్డాయి, వదులుతున్నప్పుడు ఎడమెడంగా పడ్డాయి. ఎన్నిసార్లు చూసినా అంతే. నా గుండె నా మాట కొంతైనా వింటుందని ఆ రోజే తెలిసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తేడా వేగస్ నరం పనే. మెదడు నుంచి బయల్దేరే పన్నెండు జతల నరాల్లో ఇది పదోది. మెదడు అడుగు భాగం నుంచి మెడ గుండా దిగి గుండెకు, ఊపిరితిత్తులకు, జీర్ణకోశానికి, పేగులకు వెళ్తుంది. వేగస్ అంటే లాటిన్‌లో సంచరించేది అని అర్థం. గుండె మీద దీని పట్టు ఊపిరి తీసుకునేటప్పుడు సడలుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. అందుకే వదిలే ఊపిరిని సాగదీయాలి.

మీకు తల తిరగడానికి కారణం బహుశా గుండెల నిండా గట్టిగా పీల్చడమే. అలా చేస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తేలిపోతుంది, వేళ్లు జివ్వుమంటాయి, భయం ఇంకా పెరుగుతుంది. ముక్కుతో మామూలుగా నాలుగు లెక్కపెట్టేంత సేపు తీసుకుని, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. బిగపట్టవద్దు. నేను ఉదయం కాఫీకి ముందు ఐదు నిమిషాలు, పడుకునే ముందు ఐదు నిమిషాలు చేస్తాను. దడ లేని రోజున కూడా చేయాలి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒంటికి అలవాటు పడ్డాకే కష్టకాలంలో అక్కరకు వస్తుంది. నాకు మూడు వారాలు పట్టింది.

లెక్కపెట్టడం విసుగనిపిస్తే భ్రామరి చేయండి. పెదవులు మూసి, పళ్లు కాస్త ఎడంగా ఉంచి, తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడమే. జపంతో కూడా ఇలాగే ఊపిరి నెమ్మదిస్తుంది. 2001లో ఇటలీ పరిశోధకులు కొందరి చేత క్రైస్తవుల జపమాల ప్రార్థన, బౌద్ధుల ఓం మణి పద్మే హుం మంత్రం చెప్పించి చూస్తే, రెండింటితోనూ ఊపిరి నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చింది. "ఉళ్లుళ్లు హాయీ" అని జోకొట్టే అమ్మకు కూడా అలాగే ఊపిరి నెమ్మదిస్తుందేమోనని నాకు అనిపిస్తుంది. బిడ్డ నిద్రపోయేసరికి ఆమె కళ్లు కూడా మూతపడటం మా ఇంట్లో ఎన్నోసార్లు చూశాను.

దడ మరీ ఎక్కువైతే చల్లటి నీళ్లలో తడిపిన తువ్వాలు నుదురు, కళ్లు, బుగ్గల మీద అర నిమిషం ఉంచుకుంటాను. ముఖానికి చల్లదనం తగిలితే గుండె నెమ్మదిస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గుండె మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు. మెడ పక్కన నొక్కమని చెప్పే వీడియోలు చూసి ఎవరూ ప్రయత్నించవద్దు, స్పృహ తప్పే ప్రమాదం ఉంది. వేగస్ కోసమని కొందరు చెప్పే చెవి మర్దన నేనూ చేశాను, నాకైతే తేడా కనిపించలేదు.

దిగులు పూర్తిగా పోయిందని చెప్పను. నాన్నగారి నుంచి వేళకాని వేళ ఫోను వస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. ఒక్క ఊపిరి పొడుగ్గా వదిలి "చెప్పండి నాన్నా" అంటాను, గొంతు వణకదు. మీకు దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే మాత్రం ఇవేవీ మొదలుపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.