ఉల్క వెలుగు పడింది, టైమే తప్పింది

ప్రశ్న: మొన్న రాత్రి మా వీధి మీదుగా పెద్ద ఉల్క మండుతూ పోయింది. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాలో ఆకాశం లేదు, గేటు దగ్గర వెలుగు, నీడలే పడ్డాయి. టైమ్ రెండున్నర గంటలు ముందుకుంది. ఇది ఎవరికైనా పనికొస్తుందా? అందరూ చూసేలా డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డయ్యే పెట్టె) పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టమంటున్నారు.

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలినప్పుడు, రివల్యూషన్ స్క్వేర్ కెమెరాలో దీపస్తంభాల నీడలు తిరిగిన తీరును బట్టి కూడా దాని దారిని లెక్కగట్టారు. మీ గేటు స్తంభం ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. కెమెరాను మాత్రం కదపొద్దు.

ముందు వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి. ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్ల (2 ఎంబీపీఎస్) చొప్పున నాలుగు కెమెరాలు రోజుకు 86 జీబీ రాస్తాయి, 1 టీబీ డిస్కు పదకొండు రోజుల్లో నిండి పాతది చెరిగిపోతుంది. వెలుగుకు రెండు నిమిషాల ముందు నుంచి పది నిమిషాల తర్వాత దాకా తీయండి. 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి శబ్దం రావడానికే మూడు నిమిషాలు పడుతుంది, మైకుంటే అదీ దొరుకుతుంది. మానిటర్‌ను ఫోన్‌తో షూట్ చేసి పంపొద్దు. వాట్సాప్‌లోనైతే డాక్యుమెంట్‌గానే పంపండి.

రెండున్నర గంటల తేడా అంటే టైమ్‌జోన్ జీఎంటీ+8లోనే (చైనా టైమ్) ఉండిపోయినట్టుంది, మనది +5:30. వెంటనే దిద్దకండి. సెకన్లు కనిపించే ఫోన్ గడియారాన్ని కెమెరా ముందు పట్టుకుంటే రెండు టైములూ ఒకే ఫ్రేములో పడతాయి. అసలు తేడా సెకన్లతో సహా తేలాకే సరిచేయండి. మన దేశంలో అమ్మే పెట్టెకు మన టైమ్ పెట్టి పంపకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దే వద్దు. అది ఆ ఒక్క క్లిప్పుకు తాళం కాదు. ఎవరు ఎన్నింటికి బయటికెళ్తున్నారో, ఏ ఫ్లాటు తాళం వేసుందో రోజూ చూపిస్తుంది. అడ్మిన్ లాగిన్ దొరికినవాడు రికార్డింగ్ చెరిపేయగలడు, పాస్‌వర్డ్ మార్చి మీకే లాగిన్ లేకుండా చేయగలడు. కెమెరాలు బిగించినవాళ్లు పెట్టిన పాస్‌వర్డే ఇంకా నడుస్తుంటే ఈ రోజే మార్చండి. బయటి ఇంటర్నెట్ నుంచి డీవీఆర్‌లోకి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ సెట్టింగులను రౌటర్‌లో ఆపేయండి. కమిటీవాళ్లు చూడాలంటే చూడటానికి మాత్రమే వీలున్న యూజర్‌ను వేరేగా తయారుచేయండి.

తీసిన వీడియో, టైమ్ తేడా, కెమెరా ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలతో ఇంటర్నేషనల్ మీటియర్ ఆర్గనైజేషన్ వెబ్‌సైట్‌లోని ఫైర్‌బాల్ (బాగా వెలిగే ఉల్క) ఫారం నింపండి. వెలుగు ఎన్ని సెకన్లుందో కూడా రాయండి. ఉల్క సాధారణంగా కొన్ని సెకన్లలో ఆరిపోతుంది. ముక్కలుగా విడిపోతూ నిమిషం దాకా నెమ్మదిగా సాగితే, 2022 ఏప్రిల్ 2న మహారాష్ట్ర మీద కనిపించినట్టు, అది రాకెట్ శకలం కావచ్చు.