ఉతికిన బట్టలు మెషిన్‌లోనే మగ్గిపోతుంటే

ప్రశ్న: నాకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) ఉంది. వాషింగ్ మెషిన్ వేసి మరిచిపోతాను. బట్టలు వాసనొచ్చి మళ్లీ ఉతకాల్సి వస్తోంది. ఆరినవేమో కుర్చీ మీద గుట్ట పడుతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఇది బద్ధకం కాదండీ. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి కంటి ముందు లేని పని ఇట్టే మనసులోంచి జారిపోతుంది. అందుకే స్విచ్ వేసిన చేత్తోనే ఫోన్‌లో టైమర్ పెట్టండి, మెషిన్ చూపే సమయానికి 5 నిమిషాలు కలిపి. అది మోగినప్పుడు ఆపేసి ‘ఇప్పుడే లేస్తా’ అనుకోవడం దగ్గరే అసలు తప్పు జరుగుతుంది. లేవలేకపోతే ఊరికే ఆపేయొద్దు, మళ్లీ 10 నిమిషాలకు మోగేలా పెట్టండి. ఖాళీ బుట్ట నడిచే దారిలో, కాలికి తగిలేలా ఉండాలి. బయటికెళ్లే ముందు మెషిన్ వేయనే వద్దు.

మడతలా? చాలావాటికి అక్కర్లేదు. చొక్కాలు హ్యాంగర్‌కే ఆరేసి, అలాగే బీరువాలో తగిలించండి. సాక్సులు, లోదుస్తులు మూతలేని డబ్బాల్లో పడేయండి. మూత ఉంటే తీయడం ఇంకో పని, మళ్లీ కుర్చీయే గతి.