మెనోపాజ్ దశలో వ్యాయామం చేశాక ఒళ్లు తేరుకోకపోతే: నా అనుభవం

వారానికి ఆరు రోజులు జిమ్‌కి వెళ్తున్నానని, ఏడాదిగా నెలసరి గాడి తప్పిందని, ఒక్కసారి స్క్వాట్లు చేస్తే నాలుగైదు రోజులు తొడలు పట్టేస్తున్నాయని రాశారు. ఇది బద్ధకమా, వయసా అని అడిగారు. మీకు 47 అన్నారు. బద్ధకం ఎంతమాత్రం కాదండీ. నాకిప్పుడు 52, ఇదంతా నేనూ పడ్డాను.

మాది విశాఖ. ఏటా ఆషాఢంలో సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ చేస్తాను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్ల నడక. అంతకుముందు ఏళ్లలో నడిచాక రెండు రోజుల్లో మామూలైపోయేదాన్ని. 48వ ఏట మాత్రం పిక్కలు, తొడలు పదకొండు రోజులు వదల్లేదు. మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చుకోవడానికి వెళ్తే, కిందికి దిగేటప్పుడు గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ దిగేదాన్ని. ప్రాక్టీసు చాల్లేదనుకుని రోజూ నడక పెంచాను, జుంబాలో కూడా చేరాను. ఇంకా నీరసపడ్డాను.

మొదట చూపించుకున్న డాక్టరు ‘ఈ వయసులో మామూలేనమ్మా’ అని నొప్పి మాత్రలు రాసి పంపేశారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. రెండో డాక్టరమ్మ మాత్రం ముందు బ్లీడింగ్ ఎలా ఉంటోందని అడిగారు. ఆ ఏడాది నెలకి ఎనిమిది తొమ్మిది రోజులు బాగా ఎక్కువగా అయ్యేది. హిమోగ్లోబిన్ కొంచెమే తక్కువ గానీ, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 9 ఉంది. విటమిన్ డి కూడా తక్కువే. అందుకే మీకు చెబుతున్నాను: ఫెరిటిన్, థైరాయిడ్, విటమిన్ డి, బి12 చూపించుకోండి. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే అదీ డాక్టరుకి చెప్పండి, కొందరికి వాటివల్ల కూడా కండరాల నొప్పులొస్తాయి.

నెలసరి ఆగి వరుసగా 12 నెలలు గడిస్తేనే మెనోపాజ్ అంటారు. మీరు రాసినదాన్ని బట్టి మీరింకా దానికి ముందు దశలోనే ఉన్నట్టున్నారు. ఈ దశలో ఈస్ట్రోజెన్ ఒకసారి ఎగసి ఒకసారి పడిపోతుంటుంది. ఎముకకీ కండరానికీ కీలుకీ అది అండ. అది తగ్గేకొద్దీ కండరం మునుపటంత త్వరగా కోలుకోదు. పైగా నిద్ర పాడవుతుంది. నాకు రాత్రి రెండున్నరకి ఒంట్లోంచి ఆవిర్లొచ్చి మెలకువ వచ్చేది. మెడ కింద దిండు గలీబు తడిసిపోయేది. మళ్లీ నిద్ర పట్టేసరికి నాలుగు, ఐదుకి వాకింగ్‌కి అలారం. కండరం మరమ్మతుకి మంచి నిద్ర కావాలంటే, నేను దానికి టైమెక్కడ ఇచ్చినట్టు?

ఇక తిండి. పొద్దున రెండు ఇడ్లీలు, కాఫీ. మధ్యాహ్నం పలచటి పప్పుచారు, కూర, కాస్త పెరుగు. రాత్రి రెండు పుల్కాలు. లెక్క వేస్తే ప్రోటీన్ 30 గ్రాములు దాటలేదు. రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాములని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. 64 కిలోల నాకు అదే 53 గ్రాములు. వ్యాయామం చేస్తున్నారు కాబట్టి ఇంకాస్త ఎక్కువే తినమన్నారు డాక్టరమ్మ. ఇప్పుడు పొద్దున పెసరట్లు గానీ రెండు గుడ్లు గానీ, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి మీల్‌మేకర్ కూరో చేపో. వ్యాయామం రోజున ఉపవాసం పెట్టుకోను. ఆ పదకొండు రోజుల నొప్పికి ముందు నేను ప్రదక్షిణంతా మజ్జిగ మీదే నడిచాను.

బరువులెత్తడం మానకండి. ఎముకలకి అది చాలా అవసరం. కానీ ఆరు రోజులు వద్దు. నేను సోమ, గురువారాల్లో మాత్రమే చేస్తాను. మొదట కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, తర్వాత మూడు కిలోల డంబెల్స్. మిగతా రోజులు బీచ్ రోడ్డులో మామూలు నడక. రాత్రి నిద్ర లేకపోతే ఆ ఉదయం బరువులు ముట్టుకోను. ఐరన్ మాత్రలతో కలిపి తేడా కనిపించడానికి మూడు నెలలు పైనే పట్టింది.

ఆవిర్లు మరీ ఎక్కువైతే హార్మోన్ చికిత్స గురించి అడగండి. 2002లో వచ్చిన అమెరికా అధ్యయనం తర్వాత అందరూ దానికి భయపడ్డారు. కానీ 60 ఏళ్లలోపు ఉండి, మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటని ఆరోగ్యవంతుల్లో చాలామందికి నష్టం కన్నా మేలే ఎక్కువని ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. రొమ్ము క్యాన్సరో, రక్తం గడ్డకట్టే సమస్యో ఉన్నవాళ్ల సంగతి వేరు, అది డాక్టరే తేల్చాలి. నెలసరి ఏడాది పాటు ఆగాక మళ్లీ రక్తం కనబడితే మాత్రం ఒక్క చుక్కయినా వెంటనే వెళ్లండి.

పోయిన ఆషాఢంలో మళ్లీ 32 కిలోమీటర్లు నడిచాను. దారిలో తింటూ, రెండుచోట్ల కూర్చుని. నొప్పులు నాలుగో రోజుకి తగ్గాయి. మీ ఫెరిటిన్ ఎంతొచ్చిందో, బ్లీడింగ్ ఎలా ఉందో రాయండి.