ఆల్బుమిన్ నార్మల్ ఉంటే అమ్మకు పోషకాహార లోపం లేనట్టేనా?

మీ అమ్మగారికి 72 ఏళ్లు, ఊళ్లో ఒక్కరే ఉంటారు, మనిషి చిక్కిపోతున్నారు, కానీ రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్షలో నార్మల్ వచ్చింది కాబట్టి కంగారు పడాలా వద్దా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. మా అత్తగారి విషయంలో ఈ టెన్షనంతా పడ్డాం కాబట్టి చెబుతున్నాను.

ఆల్బుమిన్‌ని చూసి ధైర్యపడొద్దు. తిండి బాగా తగ్గినా అది చాలాకాలం నార్మల్‌గానే ఉండొచ్చు. ఇన్ఫెక్షనో, లివర్, కిడ్నీ జబ్బులో ఉంటే కడుపునిండా తింటున్నా పడిపోతుంది. ఒక్క రక్తపరీక్షతో ఈ లోపం తేలదు. బరువు ఎంతకాలంలో ఎంత తగ్గింది, నోట్లోకి ఏం పోతోంది అన్నవే అసలు ఆధారాలు.

ఇంట్లో ఎప్పుడూ తూచలేదంటారా? పాత ఓపీ చీటీలు తీయండి, బీపీ పక్కనే బరువు కూడా రాసి ఉంటుంది. మా అత్తగారి షుగర్ ఫైల్లో అలాగే దొరికింది. ఆరు నెలల్లో 64 కిలోల నుంచి 59కి వచ్చారు, అందులో 3 కిలోల పైన చివరి మూడు నెలల్లోనే. కావాలని తగ్గించుకోకుండా ఆరు నెలల్లో 5 శాతం దాటి తగ్గితే వదిలేయకూడదు. మా ఇంట్లో మాత్రం చుట్టాలందరూ "సన్నబడ్డావు, షుగర్‌కి మంచిదేలే" అని మెచ్చుకున్నారు! ఆవిడ బొద్దుగా ఉండే మనిషి, 59 దగ్గర కూడా ఎవరి కంటికీ చిక్కినట్టు కనబడలేదు. ఒళ్లున్నవాళ్లకు ఈ లోపం రాదని మనవాళ్లకు గట్టి నమ్మకం. అన్నట్టు, కాళ్లకు నీరు పట్టి ఉంటే తూకాన్ని నమ్మలేం.

డైటీషియన్ మినీ న్యూట్రిషనల్ అసెస్‌మెంట్ అనే ప్రశ్నావళి వేశారు. పొట్టి రూపంలో 6 ప్రశ్నలే. తిండి తగ్గిందా, బరువు తగ్గిందా, నడక ఎలా ఉంది, ఈ మధ్య పెద్ద జబ్బో మనోవ్యథో వచ్చిందా, మతిమరుపు జబ్బు గానీ డిప్రెషన్ గానీ ఉందా, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) ఎంత. మొత్తం 14 మార్కులు. 12, ఆ పైన వస్తే ఫర్వాలేదు, 8 నుంచి 11 వస్తే ముప్పు ఉన్నట్టు, 7, ఆ లోపు వస్తే లోపం ఉన్నట్టు. అత్తగారికి బీఎంఐలో పూర్తి మార్కులు, బరువు ప్రశ్నకు సున్నా, మొత్తం 10. నడుము వంగి ఎత్తు కొలవలేకపోతే బీఎంఐ బదులు టైలర్ టేపుతో పిక్క చుట్టుకొలత తీసుకుంటారు, 31 సెంటీమీటర్ల కంటే తక్కువైతే సున్నా. ఇది అనుమానం తెలుసుకోవడానికే, తేల్చాల్సింది డాక్టరే.

ఇక తిండి. ఫోన్‌లో "తిన్నారా?" అంటే "ఆఁ, తిన్నా" అనేవారు. అబద్ధమేం కాదు. పచ్చడి మెతుకులు, మజ్జిగ, రాత్రికి టీలో రెండు బిస్కెట్లు. మామగారు పోయాక, ఒక్క ప్రాణానికి కూరెందుకని వండటం మానేశారు. షుగర్ భయంతో అన్నం తగ్గించారు గానీ దాని బదులు పప్పో గుడ్డో పెట్టుకోలేదు. కట్టుడు పళ్లు వదులై నమలడమూ కష్టమైంది. ఇవేవీ ఫోన్‌లో తెలియవు. వెళ్లి రెండ్రోజులు ఉండి, పక్కన కూర్చుని తినండి. కందిపప్పు డబ్బా ఎన్నాళ్లకు ఖాళీ అవుతోందో చూడండి.

కారణం వెతకడం డాక్టర్ పని. థైరాయిడ్, టీబీ, క్యాన్సర్, అదుపు తప్పిన షుగర్, డిప్రెషన్, ఏదైనా కావచ్చు. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు కొందరికి ఆకలి చంపేస్తుంది, ఏళ్ల తరబడి వాడితే బీ12 కూడా పడిపోవచ్చు. అత్తగారికి బీ12 తక్కువే వచ్చింది. డాక్టర్ మందులు సర్దారు, మేం పళ్ల సెట్టు కొత్తది చేయించి, మధ్యాహ్నానికి క్యారేజీ మాట్లాడాం. ఇప్పుడు 61 దగ్గర నిలబడ్డారు.

"వయసు కదా, తగ్గుతారు" అని డాక్టర్ తేలిగ్గా తీసేస్తే, చీటీల్లోని బరువులు తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. తినేటప్పుడు మాటిమాటికీ పొరబోతుంటే మాత్రం ఈ లెక్కలన్నీ అయ్యేదాకా ఆగకండి, వెంటనే చూపించండి.