లైబ్రరీ లెక్కల్ని ఓడీబీ ఫైల్లోంచి బయటికి తీసేటప్పుడు

వెస్ట్ మాంబళం, చెన్నై

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

లైబ్రరీ కంప్యూటర్ పని నీ చేతికొచ్చిందని తెలిసి సంతోషించానమ్మా. పుస్తకాల పట్టిక, సభ్యుల వివరాలు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్న లెక్క అన్నీ లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని డేటాబేస్ భాగమైన బేస్‌లో, ఒకే ఒక్క ఓడీబీ ఫైల్లో ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాలు వచ్చి కరెంటు పోతూ వస్తూ ఉండే రోజులు మొదలయ్యేలోగా ఆ డేటాను అక్కణ్ణించి మరియాడీబీ అనే ఉచిత డేటాబేస్ సర్వర్‌లోకి మార్చెయ్యి. ఫారాలు, క్వెరీలు (డేటాని అడిగి తెచ్చే ప్రశ్నలు) బేస్‌లోనే ఉండనీ, ఆ పనికి అది ఇప్పటికీ బాగానే ఉంటుంది.

ఎందుకింత తొందరో చెబుతాను. బేస్ 2005లో, లిబ్రేఆఫీస్‌కి మూలమైన ఓపెన్ఆఫీస్ 2.0తో వచ్చింది. డేటా దాచడానికి దాని లోపల పెట్టిన ఇంజను హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 1.8. ఆ ఇంజను 2010లోనే 2.0కి ఎదిగింది, బేస్ మాత్రం 1.8 దగ్గరే ఆగిపోయింది. దాని బదులు ఫైర్‌బర్డ్ అనే ఇంకో ఇంజను పెట్టాలని 2014లో లిబ్రేఆఫీస్ 4.2తో ప్రయత్నం మొదలైంది. అదీ ప్రయోగదశలోనే మిగిలింది, కాబట్టి లైబ్రరీ లెక్కల్ని దానికీ అప్పగించకు. లిబ్రేఆఫీస్‌లోనే ఉత్తరాలు రాసే రైటర్‌కీ లెక్కల పట్టికలు వేసే కాల్క్‌కీ ఉన్నంతమంది పనివాళ్లు బేస్‌కి ఎన్నడూ లేరు. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని చిన్న లైబ్రరీలకీ ఆస్పత్రులకీ గుడి కమిటీలకీ ఎక్కువగా అక్కరకొచ్చే భాగమే ఇలా దిక్కులేకుండా పడి ఉండటం నిజంగా బాధాకరం.

ఓడీబీ అంటే ఒక జిప్ ఫైల్. బేస్ దాన్ని తెరిచినప్పుడు లోపలి డేటాను తాత్కాలికంగా బయట విప్పుకుని పనిచేస్తుంది. ఫారంలో రికార్డు సేవ్ చేస్తే అది ఆ తాత్కాలిక చోటికే చేరుతుంది. బేస్ ప్రధాన విండోలో కంట్రోల్ ఎస్ కొట్టినప్పుడో, మూసినప్పుడో మాత్రమే జిప్‌ని తిరిగి రాస్తుంది. ఈలోగా కరెంటు పోతే ఆ పూట ఎంట్రీలు పోతాయి. సరిగ్గా రాస్తున్న క్షణంలో పోతే ఫైలే తెరుచుకోకపోవచ్చు. మార్పు పూర్తయ్యేదాకా యూపీఎస్ లేకుండా దాన్ని ముట్టుకోకు, పదేసి ఎంట్రీలకోసారి ప్రధాన విండోలోకి వెళ్లి సేవ్ చెయ్యి.

మొదట బేస్ మూసేసి ఫైల్‌ని రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చెయ్యి. పక్కన లాక్ ఫైల్ కనిపిస్తోందంటే అది ఇంకా ఎక్కడో తెరిచి ఉండవచ్చు. ఒక కాపీకి చివర జిప్ అని పేరు మార్చి తెరిచి చూడు. డేటాబేస్ ఫోల్డర్‌లో స్క్రిప్ట్, డేటా, ప్రాపర్టీస్ ఉంటే హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీయే. దీనికి జావా కావాలి. విండోస్‌లో లిబ్రేఆఫీస్ 64 బిట్ అయితే జావా కూడా 64 బిట్‌దే ఉండాలి, ఉబుంటులోనైతే బేస్ ప్యాకేజీని విడిగా వేసుకోవాల్సి రావచ్చు.

మరియాడీబీలో డేటాబేస్ సృష్టించేటప్పుడు క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 అని తప్పకుండా రాయి. తెలుగు అక్షరాలు లేని లాటిన్1లో పడితే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చోవచ్చు, అలా అయితే వాటిని మళ్లీ అక్షరాలుగా మార్చే దారి లేదు. కాలమ్ పొడవు దగ్గరా పిసినారితనం వద్దు. "శ్రీ" మనకి ఒక అక్షరం, కంప్యూటర్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు. పుస్తకం పేరుకి 50 చాలదు, 255 ఇవ్వు. జరిమానా సొమ్ముకి డెసిమల్ వాడు, డబుల్ వద్దు, పైసల్లో తేడాలొస్తాయి. ఇంకో మాట. ఇంటిపేరు కాలమ్ తప్పనిసరి అని పెట్టకు. మన చెన్నై సభ్యుల్లో తమిళులకి ఇనిషియలే ఉంటుంది.

తర్వాత బేస్‌లో కొత్త ఓడీబీ మొదలుపెట్టి, ఉన్న డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే దారి ఎంచుకుని, మరియాడీబీకి డైరెక్ట్ కనెక్షన్ ఇవ్వు. పోర్టు 3306. అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌తో కాకుండా ఈ ఒక్క డేటాబేస్‌కే హక్కున్న యూజర్‌తో వెళ్లు. పాతదీ కొత్తదీ పక్కపక్కన తెరిచి టేబుళ్లను ఒక్కొక్కటిగా లాగి వదులు. నిర్మాణం, డేటా రెండూ రావాలని ఎంచుకో. ముందు పుస్తకాలు, సభ్యులు, ఆ తర్వాతే ఇచ్చిపుచ్చుకోళ్లు. ప్రైమరీ కీ (ప్రతి రికార్డునీ విడిగా గుర్తించే కాలమ్) రాకపోతే బేస్ ఆ టేబుల్‌ని చదవనిస్తుందే తప్ప మార్చనివ్వదు. వరుస సంఖ్య దానంతటదే పడే సౌకర్యం కాపీలో పోతుంటుంది, మళ్లీ పెట్టుకో. టేబుళ్ల మధ్య సంబంధాలు కూడా రావు. ప్రతి టేబుల్‌లో రికార్డుల సంఖ్య పాతదాంతో సరిపోయిందో లేదో లెక్కపెట్టాకే తర్వాతి టేబుల్‌కి వెళ్లు.

క్వెరీల దగ్గరే అసలు చిక్కు. నేరుగా ఎస్‌క్యూఎల్ నడిపేలా పెట్టినవి కొన్ని ఆగిపోతాయి. పాత ఇంజను పేర్లకి డబుల్ కోట్లు వాడితే మరియాడీబీ బ్యాక్‌టిక్ (`) గుర్తు అడుగుతుంది. గడువు దాటిన రోజులు లెక్కించే డేట్‌డిఫ్‌ని మరీ జాగ్రత్తగా చూడు. పాతదాంట్లో దానికి మూడు విలువలు: రోజులని చెప్పే 'డీడీ', గడువు తేదీ, ఇవాళ్టి తేదీ. మరియాడీబీలో రెండే, పైగా ఇవాళ్టి తేదీ ముందు రావాలి. ఉత్తినే 'డీడీ' తీసేసి ఊరుకుంటే రోజులు మైనస్‌లోకి పోయి ఎవరికీ జరిమానా పడదు. తప్పని సందేశం కూడా రాదు, అందుకే నెలల తరబడి ఎవరూ గమనించరు. చేత్తో లెక్కకట్టిన ఐదారు పుస్తకాలతో సరిచూసుకో.

ఫారాల్ని కూడా లాగి తెచ్చుకోవచ్చు. కానీ కొత్తచోట టేబుల్ పేరు ముందు డేటాబేస్ పేరు చేరుతుంది కాబట్టి, ప్రతి ఫారం ప్రాపర్టీస్‌లో డేటా ట్యాబ్ తెరిచి టేబుల్‌ని మళ్లీ ఎంచుకోవాలి. రిపోర్టులతో కుస్తీ పట్టకు. కాల్క్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్4 నొక్కి క్వెరీని షీట్ మీదికి లాగి ప్రింట్ తీసుకో.

ఇక బ్యాకప్. రోజూ మూసే ముందు మరియాడీబీ డంప్ తియ్యి. అది మామూలు టెక్స్ట్ ఫైల్, తెరిస్తే తెలుగు పేర్లు చదవగలగాలి. ఫారాలూ క్వెరీలూ ఉన్న కొత్త ఓడీబీ ఇప్పుడు చిన్నదే, దాన్నీ పక్కన పెట్టు. నెలకోసారి ఆ డంప్‌ని వేరే ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి చూడు. 2015 డిసెంబరు వరదల్లో నగరంలో ఎన్నో ఇళ్ల కింది అంతస్తులు మునిగాయి, అందుకని ఒక కాపీ పై అంతస్తులో ఉన్న సభ్యుల ఇంట్లో ఉండాలి.

ఈ పనిలో బేస్‌లో లోపం ఏదైనా తగిలితే ఊరుకోకు. అదే లోపం కనిపించేలా, సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ లేకుండా, నాలుగు కల్పిత రికార్డులతో చిన్న ఓడీబీ తయారుచేసి, వెర్షన్ సంఖ్యతో సహా లోపాలు నమోదు చేసే లిబ్రేఆఫీస్ బగ్‌జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టు. ఒక నివేదికలో ఒకే లోపం రాయి. చేతులు తక్కువున్న చోట అలాంటి నమూనా ఎంతో సమయం మిగులుస్తుంది.

పాత ఓడీబీని మాత్రం తుడిచెయ్యకు. రీడ్ ఓన్లీ చేసి, ఒక ఏడాది జరిమానాల లెక్క కొత్తదాంట్లో సరిగ్గా తేలేదాకా అలాగే ఉంచు.

ఇట్లు,
పెదనాన్న