అంగీకార పత్రంలో మూడో లైను

(2021 ఆగస్టు చివర్లో వచ్చిన ప్రశ్న, అప్పటి నిబంధనల మేరకు ఇచ్చిన జవాబు.)

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు. ఇద్దరూ ఒకే ప్రైవేటు స్కూలు. నేను వేరే ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా అత్తగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. కరోనాతో మూసిన బళ్లు 2021 ఆగస్టు 16న తెరిచాక పిల్లల స్కూలు ఒక అంగీకార పత్రం పంపింది. సంతకం పెట్టకపోతే రానివ్వరట, నిరుటి ఫీజు బాకీ కట్టకపోయినా రానివ్వరట. ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉంచితే పేర్లు కొట్టేస్తారా? మా స్కూలేమో నన్ను ‘వస్తారా, రాజీనామా ఇస్తారా’ అంటోంది. నిరుడు సగం జీతమే ఇచ్చారు. ఏం చేయాలి?
– ఒక టీచరు, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు వాట్సాప్‌లో పంపిన కాగితం ఫొటోను పెద్దది చేసుకుని చదివాను. అరఠావు జిరాక్సు, నాలుగు లైన్లు. మొదటి రెండింటితో పేచీ లేదు: బిడ్డను బడికి పంపడం మాకు ఇష్టమే, మాస్కు పెట్టి పంపుతాం. మూడోదే అసలు సంగతి: ‘బడిలో గానీ బస్సులో గానీ కరోనా సోకితే యాజమాన్యానికి బాధ్యత లేదు, దీనిపై ఏ కోర్టుకూ వెళ్లము.’ నాలుగోది తేదీ. కాగితం మీ చేతికొచ్చింది 23న అంటున్నారు, దాని మీద మాత్రం ఆగస్టు 16 అని ముందే అచ్చయి ఉంది. ఏ కాగితం చేతికొచ్చినా మా వకీళ్లం ముందు చూసేది తేదీనే. ఆ వారం రోజుల్లో బడిలో ఏదైనా జరిగి ఉంటే, అది కూడా మీరు ఒప్పుకున్నట్టే లెక్కలోకి వస్తుంది.

అంగీకార పత్రం అన్నది స్కూలు సొంతంగా కనిపెట్టింది కాదు. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పిల్లలు బడికి రావాలని, హాజరు విషయంలో పట్టుబట్టకూడదని, ఇంటి నుంచే చదువుతామన్న వాళ్లకు ఆ వీలు ఉండాలని కేంద్ర విద్యాశాఖ 2020 అక్టోబరు 5న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ నిబంధన పెట్టింది మీ కోసం. స్కూలు దాన్ని తన వైపు తిప్పుకుంది.

మూడో లైను కోర్టులో నిలవదు. కోర్టుకెళ్లే హక్కునే పూర్తిగా వదులుకునే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. అలాగని కళ్లు మూసుకుని సంతకం పెట్టొద్దు. రేపు గొడవొస్తే ముందు బల్ల మీద పెట్టేది ఆ కాగితాన్నే. మూడో లైను కొట్టేసి పక్కన పొడి సంతకం చేయండి. తేదీని దిద్ది, మీరు నిజంగా సంతకం పెడుతున్న రోజే వేయండి. కింద ‘శుభ్రత, దూరం, జ్వరం పరీక్ష వంటి నిబంధనల అమలు స్కూలు బాధ్యత’ అని మీ చేత్తో ఒక వాక్యం రాయండి. ఇచ్చేముందు ఫొటో తీసుకోండి. వాళ్లు తీసుకోబోమంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. హక్కు ఉండటం ఒకటి, రుజువు చేయడం ఇంకొకటి. బాబుకు రేపు పాజిటివ్ వస్తే అది క్లాసులో అంటిందా, ఆటోలో అంటిందా, రైతుబజారులో అంటిందా అని ఎదుటి వకీలు మొదటి ప్రశ్నే వేస్తాడు. జ్వరంతో ఉన్న వాళ్లను తెలిసే క్లాసులోకి పంపారనో, బెంచీకి నలుగుర్ని కూర్చోబెట్టారనో చూపించగలిగితే తప్ప కేసు నిలబడటం కష్టం. వినియోగదారుల ఫోరానికి వెళ్లమని చాలామంది సలహా ఇస్తారు. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలో తేల్చింది. దానిపై అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ దారి పట్టకండి.

పేరు కొట్టేసే మాటకు వస్తే, బాబు విషయంలో భయం లేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ అంటోంది. పాప తొమ్మిది కాబట్టి ఆ చట్టం అండ లేదు, పైన చెప్పిన మార్గదర్శకాలే దిక్కు. ఎందుకు పంపడం లేదో, అత్తగారి డయాలసిస్ సంగతి చెబుతూ, ఆసుపత్రి కాగితం జతచేసి ముందే ఉత్తరం ఇవ్వండి. చెప్పకుండా మానేసిన వాళ్ల పేరు తీసేయడం తేలిక. మీరు అమ్మఒడి లబ్ధిదారైతే దానికి 75 శాతం హాజరు నిబంధన వేరే ఉంది. 15,000 రూపాయల సంగతి కాబట్టి ఆ లెక్కా వేసుకోండి. పంపాలా వద్దా అన్నది మాత్రం చట్టం తేల్చేది కాదు. అది అత్తగారి కిడ్నీ డాక్టరును అడగండి, నన్ను కాదు.

ఫీజు సంగతి. పాప నిరుటి ట్యూషన్ ఫీజు 30,000, మీరు కట్టింది 15,000 అని రాశారు. 2020–21కి ట్యూషన్ ఫీజులో 70 శాతమే వసూలు చేయాలని మన రాష్ట్ర ప్రభుత్వం 2020 అక్టోబరు 30న జీవో 57 ఇచ్చింది. ఆ లెక్కన 21,000 కట్టాలి, ఇంకా 6,000 బాకీ. అయితే జీవోనే పట్టుకుని మొండికేయకండి. రాజస్థాన్ ప్రైవేటు స్కూళ్ల కేసులో సుప్రీంకోర్టు 2021 మే 3న తీర్పిస్తూ, విపత్తు నిర్వహణ చట్టం కింద ఫీజులు తగ్గించే అధికారం ప్రభుత్వానికి లేదంది. కరెంటు, నీళ్లు, పెట్రోలు మిగిలాయి కదా అని తనే 15 శాతం తగ్గించింది. ఆ లెక్కన మీ బాకీ 10,500. ఆరుకీ పదిన్నరకీ మధ్య ఎక్కడో ఒకచోట, వాయిదాల మీద తేల్చుకోండి. పూర్తి 15,000 మాత్రం ఒప్పుకోవద్దు. ఫీజు కట్టలేదని పిల్లల్ని క్లాసుకు రానివ్వకపోవడం, ఫలితాలు ఆపడం కూడదని కూడా ఆ తీర్పులో ఉంది. అది అక్కడి స్కూళ్ల కేసే అయినా, మీ ఉత్తరంలో ఒక వాక్యంగా రాస్తే ప్రిన్సిపాలు గారు తమ వకీలుకు ఫోన్ చేస్తారు. ఈ ఏడాది ఫీజుకు మొన్న ఆగస్టు 24న జీవో 53 వచ్చింది: కార్పొరేషన్ పరిధిలో ప్రైమరీకి 12,000, హైస్కూలుకు 18,000. యాజమాన్యాలు దీన్ని ఊరికే వదలవు. (తర్వాత 2021 డిసెంబరులో హైకోర్టు ఈ జీవోను కొట్టేసింది.) తేలేదాకా రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

వినకపోతే ఫిర్యాదుకు జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసని బందరు దాకా బస్సెక్కక్కర్లేదు (2022లో విజయవాడ వేరే జిల్లా కేంద్రం కాకముందు జిల్లా కేంద్రం అదే). విజయవాడలోనే డిప్యూటీ డీఈఓ ఉన్నారు, సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే స్పందనలోనూ ఇవ్వొచ్చు.

ఇక మీ ఉద్యోగం. వృద్ధులు, గర్భిణులు, జబ్బులున్న సిబ్బందిని పిల్లలతో నేరుగా మెలిగే పనిలో పెట్టకపోవడం మంచిదని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 సెప్టెంబరులో చెప్పింది. అది జబ్బున్న ఉద్యోగికే, జబ్బున్న వాళ్లు ఇంట్లో ఉన్న ఉద్యోగికి కాదు. కాబట్టి రానని భీష్మించడానికి మీకు గట్టి ఆధారం లేదు. జీతం లేని సెలవు రాతలో అడగండి. రాజీనామా మాత్రం మీ అంతట మీరు ఇవ్వకండి, తెల్లకాగితం మీద సంతకం అసలే వద్దు. 1982 ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు స్కూలు టీచర్నయినా ఆరోపణ ఏమిటో చెప్పి, విచారణ జరిపి, జవాబు విన్న తర్వాతే తీసేయాలి. రాజీనామా చేతికొస్తే వాళ్లకు ఆ బాదరబందీ ఏదీ ఉండదు, అందుకే అడుగుతున్నారు.

సగం జీతానికి లేబర్ కోర్టు దారి లేదు. టీచర్లు ‘వర్క్‌మన్’ (కార్మిక వివాదాల చట్టంలో చెప్పిన కార్మికుడు) కిందికి రారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. సివిల్ దావా వేయొచ్చు, ఏ నెల జీతానికి ఆ నెల నుంచి మూడేళ్ల గడువు. పక్క రాష్ట్రం తెలంగాణలో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యమైనా ఇచ్చారు, మనకు అదీ లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు, మీరు ఆన్‌లైన్ క్లాసులు చెప్పినట్టు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న టైంటేబుళ్లు ఇప్పుడే దాచుకోండి. ఫోను మారిస్తే అవీ పోతాయి.

ఇంకొకటి. మీ స్కూల్లోనూ ఇలాంటి కాగితాలే పంచుతుంటారు, పంచేది క్లాస్ టీచర్లే. ‘నా సమక్షంలో సంతకం చేశారు’ అని కింద మీ చేత సాక్షి సంతకం పెట్టించుకుంటుంటే, పెట్టేముందు అక్కడ ఏ తేదీ అచ్చయి ఉందో చూడండి.