కత్తి ఒక చేతిలో, డాలు ఇంకో చేతిలో... మరి కాగడా ఎవరి చేతిలో?

మీరు అడిగింది ఇదీ: డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) మీ ఫైటర్, అంటే యోధుడి పాత్ర, కత్తీ డాలూ పట్టుకుని చీకటి గుహలోకి దిగాడు, కాగడా కూడా తన చేతిలోనే ఉందంటున్నాడు. మీ క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) గద, డాలు వదలకుండానే మంత్రం వేస్తానంటున్నాడు. నియమాల పుస్తకం తెరిస్తే ఎవరికి కావాల్సిన వాక్యం వాళ్లకు దొరుకుతోంది, డీఎంగా (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) ఏం తేల్చాలి అని. కడపలో మా మేడ మీద గదిలో నాలుగేళ్లుగా ఆదివారాలు ఈ ఆట నడుపుతున్నాను. సరిగ్గా ఇదే విషయం మీద మా గుంపు ఒకసారి విడిపోయేదాకా వచ్చింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు మీ దగ్గరున్నది 2014 పుస్తకమా, 2024దా చూసుకోండి. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. 2014లో గాయాలు మాన్పే మందు తాగాలంటే మొత్తం యాక్షన్ (మన వంతులో చేయగలిగే ఒక పెద్ద పని) పోతుంది, 2024లో అది బోనస్ యాక్షన్ (దానికి అదనంగా చేసుకునే చిన్న పని). ఆయుధం తీయడం, పెట్టడం కూడా 2024లో దాడిలో భాగమైపోయింది. ఒకరు పాత పుస్తకం, ఇంకొకరు కొత్తది చదివి వస్తే ఇద్దరూ నిజమే చెప్తారు, ఇద్దరికీ కోపమూ వస్తుంది. నేను కింద రాసేదంతా 2014 లెక్క, మేం ఆడేది అదే.

మా గొడవ సంగతి చెప్తా. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర బేలం గుహలు చూసొచ్చాక ఆ ఇరుకు దారులు మనసులో ఉండిపోయి, అచ్చం అలాంటి గుహ ఒకటి ఆటలో పెట్టాను. బేలం 3,229 మీటర్ల గుహ, కొన్నిచోట్ల నడుం వంచితే గానీ ముందుకు పోలేం. మా ఫైటర్ చైన్ మెయిల్ (గొలుసు కవచం) వేసుకున్నాడు, అది 16, డాలుకు 2, మొత్తం ఆర్మర్ క్లాస్ 18, అంటే దెబ్బ తగలాలంటే శత్రువుకు పాచికలో మొత్తం కనీసం అంత రావాలి. ఎడమ చేతిలో కాగడా ఉందని అరగంట కిందట తనే చెప్పాడు. ఒక రాక్షసి దాడి చేసింది, పాచికలో మొత్తం 17 పడింది. తగల్లేదని అతను అంటుండగానే నాకు కాగడా గుర్తొచ్చి, డాలు లెక్కలోకి రాదు, నీది 16, దెబ్బ తగిలింది అనేశాను. పాత్ర సున్నా ప్రాణాలకు పడిపోయింది. ఆ అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, మామూలుగా గట్టిగా కూడా మాట్లాడడు. "ఏందన్నా ఇది, పోయిన వారం ఇదే కాగడాతో 18 అంటే సరే అన్నావు కదా" అన్నాడు. నిజం, అన్నాను. అప్పుడు నేను గమనించలేదు. తర్వాత రెండు ఆదివారాలు అతను రాలేదు.

మరుసటి రోజు పొద్దున వంటింట్లో కుక్కర్ మూత ఎడమ చేత్తో, చపాతీ కర్ర కుడి చేత్తో పట్టుకుని చూశాను. మూత పిడిని వేళ్లతో బిగించి పట్టుకుంటే ఆ చేత్తో ఇంకేదీ పట్టుకోలేం, టార్చ్ లైట్ పెట్టబోతే మూత జారిపోయింది. అదే ఒక తువ్వాలుతో మూతను ముంజేతికి కట్టుకుంటే వేళ్లు ఖాళీగా ఉంటాయి, టార్చ్ పట్టుకోవచ్చు. పుస్తకంలో తికమక కూడా సరిగ్గా ఇదే. డాలును ఒక చేత్తో పట్టుకుంటారు అని ఒకచోట రాసి, దాన్ని తొడుక్కోవడానికి, తీయడానికి ఒక్కోదానికి ఒక యాక్షన్ అని ఇంకోచోట రాశారు. మొదటిది చదివితే పిడి ఉన్న డాలు కళ్లముందుకు వస్తుంది, రెండోది చదివితే పట్టీలున్న డాలు.

నేను తేల్చింది ఏంటంటే, డాలు పిడిదైనా పట్టీదైనా ఆ చెయ్యి నిండినట్టే. ఎందుకంటే ఆ 2 పాయింట్లు ఊరికే రావడం లేదు, ఒక చెయ్యి ఇచ్చి కొనుక్కుంటున్నాం. అదే చేత్తో కాగడా కూడా పట్టుకోనిస్తే, పెద్ద కత్తి రెండు చేతులా పట్టుకుని ఆ 2 వదులుకున్న ఆటగాడికి అన్యాయం చేసినట్టు. ఏ సామాను దగ్గర అనుమానం వచ్చినా ముందు నేను అడిగేది ఇదే: ఈ లాభానికి ఇతను దేన్ని వదులుకున్నాడు? జవాబు 'ఏమీ లేదు' అయితే ఎక్కడో తప్పు చదువుతున్నాం.

చాలామంది పొరపడే ఇంకో సంగతి. టర్న్‌లో (మన వంతులో) ఒక్క వస్తువుతో ఉచితంగా పని చేసుకోవచ్చు, కత్తి దూయడం లాంటిది. రెండో వస్తువుకు యాక్షన్ పోతుంది. చేతిలోది కింద పడేయడానికి ఖర్చు లేదు, కాబట్టి కాగడా వదిలేసి కత్తి దూసి కొట్టడం ఒకే టర్న్‌లో అవుతుంది. డాలును మాత్రం అలా వదిలేయలేరు, యాక్షన్ పెట్టాల్సిందే. కింద పడ్డ కాగడా వెలుగుతుందా ఆరుతుందా అని పుస్తకం చెప్పదు. మా దగ్గర పొడి నేలైతే వెలుగుతుంది, తడైతే ఆరిపోతుంది.

ఇక మీ క్లెరిక్. మంత్రాన్ని బట్టి నోటి మాట, చేతి సైగ, ఏదైనా సామగ్రి కావాలి. డాలు మీద దేవుడి చిహ్నం ఉంటే అదే సామగ్రికి బదులు పనికొస్తుంది, అందుకే సామగ్రి కావాల్సిన మంత్రాలకు ఆ డాలు చెయ్యే సైగ కూడా చేసేస్తుంది. కాబట్టి 'బ్లెస్' (తోటివాళ్లకు దీవెన) వేయొచ్చు. గాయాలు మాన్పే 'క్యూర్ వూండ్స్'కు మాట, సైగ మాత్రమే ఉన్నాయి, సామగ్రి లేదు, అందువల్ల దానికి ఖాళీ చెయ్యి ఉండాలి. గదను నడుముకు తగిలించి వేయాలి, మళ్లీ గద తీయడం తర్వాతి టర్న్‌లోనే. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, పెద్ద మంత్రం వేయొచ్చు గానీ గాయం మాన్పలేడా అని మా క్లెరిక్ కూడా బాధపడింది. పుస్తకం మాట అదే. 'వార్ కాస్టర్' ఫీట్ (పాత్రకు ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకుంటే ఈ ఇబ్బంది పోతుంది, లేదంటే గాయం మాన్పే ఇంకో మంత్రం 'హీలింగ్ వర్డ్'కు నోటి మాట ఒక్కటే చాలు. మీ బల్ల దగ్గర దీన్ని సడలించాలనుకుంటే సడలించండి, కాకపోతే ఎవరూ ఆ ఫీట్ తీసుకోకముందే చెప్పండి. తీసుకున్నాక సడలిస్తే వాళ్లు పెట్టిన ఖర్చు వృథా.

ఇప్పుడు మా దగ్గర ప్రతి ఒక్కరి ముందు రెండు అట్టముక్కలు ఉంటాయి, కుడి, ఎడమ అని రాసి. ఏ చేతిలో ఏముందో చిన్న చీటీ రాసి దాని మీద పెడతారు, మార్చినప్పుడు చీటీ మారుస్తారు. అష్టాచెమ్మా ఆడేముందు, ఒక్క కాయైనా చంపితేనే లోపలి గళ్లలోకి పోవాలా అని ముందే మాట్లాడుకుంటాం కదా, అలాగే ప్రతి కొత్త కథకు ముందు పది నిమిషాలు ఈ సామాను సంగతులు మాట్లాడుకుంటాం. పాచిక పడ్డాక నాకేదైనా గుర్తొస్తే, ఆ దెబ్బకు అది వర్తించదు, తర్వాతి టర్న్ నుంచే. ఆ అబ్బాయికి ఫోన్ చేసి ఇదే చెప్పాను, 17 తగల్లేదు, నీ ఫైటర్ బతికే ఉన్నాడు అని. మూడో ఆదివారం ఉగ్గాని బజ్జీ పొట్లంతో వచ్చాడు.

మీ గుహ ఇంకా మధ్యలోనే ఉంది కాబట్టి ఇప్పటికైతే ఇలా చేయండి. మీ క్లెరిక్‌కు 'లైట్' మంత్రం ఉంటే ఫైటర్ శిరస్త్రాణం మీద వేయమనండి, దానికి సైగ అక్కర్లేదు. కాగడా లాగే 20 అడుగుల దాకా మంచి వెలుతురు, ఇంకో 20 అడుగులు మసక వెలుతురు, గంటసేపు. అది లేకపోతే వెనకాల వచ్చే రోగ్‌కో విజర్డ్‌కో 5 బంగారు నాణేల లాంతరు ఇప్పించండి. ఒక బుడ్డి చమురుతో 6 గంటలు వెలుగుతుంది, పైగా మూత దించితే వెలుతురు తగ్గుతుంది. నడుముకు తగిలించుకుంటామని అడుగుతారు చూడండి, దానికి పుస్తకంలో జవాబు లేదు. నేను ఒప్పుకుంటాను, అయితే కింద పడినప్పుడల్లా పాచిక వేయిస్తాను, 5 లోపు పడితే అద్దం పగిలి దీపం ఆరిపోతుంది.